మోటారు సైకిలూ, మూడు రాళ్ళ పొయ్యీ

క్రిందటి వారం ఒక సోదరి ఉత్తరం రాశారు. ఊరూ పేరూ బయట పెట్టవద్దన్నారు గనక పెట్టటం లేదు. "మా వారు మోటారు సైకిలు వెనక చక్రం ఇంట్లోనే ఊడదీస్తానంటున్నారు. ఫోనులో ఎవరో చేసి చూపించారట. రెండు ఇటుకలూ, ఒక పానా ఉంటే చాలునట. మా ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉన్నది. ఒప్పుకోమంటారా, వద్దంటారా?" అని అడిగారు.

ఇటుకలు అన్న మాట చదివేసరికి నా ఎడమ మణికట్టు ఒకసారి సలిపింది. ఎందుకు సలిపిందో చెబితే ఆ సోదరికి జవాబు కూడా అందులోనే దొరుకుతుంది.

నేను ముప్ఫై ఏళ్ళు హైస్కూలులో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. ఒక వస్తువు గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత దాని పీఠం లోపల పడుతున్నంత కాలం ఆ వస్తువు పడదనీ, గీత పీఠం దాటి బయటికి పోతే పడుతుందనీ ఎన్ని వందల మంది పిల్లల చేత వల్లె వేయించానో లెక్కలేదు. బోర్డు మీద పీసా గోపురం బొమ్మ వేయటంలో నాకు మంచి పేరు కూడా ఉండేది. అటువంటి నేను, రెండేళ్ళ క్రితం భోగి పండుగనాడు, మా పోర్టికోలో, అల్లుడిగారి ఎదట, నా బుల్లెట్టును నా చేతులతోనే పడేశాను.

మాది రాజమండ్రి. ఆ సంక్రాంతికి అమ్మాయీ, అల్లుడూ, నాలుగేళ్ళ మనవడూ వచ్చారు. భోగిమంట చల్లారింది, తలంట్లు అయినాయి. అమ్మాయిని వెనక కూర్చోపెట్టుకుని గోదావరి గట్టు మీద తిరిగి రావాలని అల్లుడిగారికి సరదా పుట్టింది. తీరా చూస్తే బుల్లెట్టు వెనక టైరు నేలకు అంటుకుపోయి ఉన్నది. పండుగ కదా, వీధిలో పంక్చరు దుకాణాలన్నీ మూసేశారు.

"పోనీలెండి మామయ్యగారూ, ఆటోలో వెళతాం," అన్నాడు అల్లుడు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. "ఎంతసేపు బాబూ! చక్రం నేను ఊడదీస్తాను, ట్యూబుకు అతుకు మనమే వేసుకుందాం," అన్నాను. అల్లుడు కంప్యూటర్ల ఉద్యోగి. చేత్తో చేసే పని మామగారికి వచ్చునని ఒకసారి చూపించాలని నాకు మనసులో ఉన్నది. ఇప్పుడు దాచుకుని ఏం లాభం?

బండిని సెంటర్ స్టాండు వేశాను. చక్రం నేల నుంచి లేచింది గాని, మడ్‌గార్డు కింది నుంచి బయటికి లాగటానికి ఆ ఎత్తు చాలలేదు. పెరట్లో నుంచి రెండు ఇటుకలు తెప్పించి, స్టాండు కాళ్ళ కింద ఒక్కొక్కటి పెట్టాను. యాక్సిల్ నట్టు ఏళ్ళ తరబడి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నది. పానా చివర ఒక నీళ్ళ గొట్టం తొడిగి, ఒంట్లో బలమంతా పెట్టి ముందుకు గుంజాను. మనవడు చక్రం పక్కనే గొంతుక్కూర్చుని, ఊడిన నట్టు తన చేతికే ఇవ్వాలని దోసిలి పట్టుకుని ఉన్నాడు.

అప్పుడు లోపలి నుంచి మా ఆవిడ, "ఒరేయ్ కన్నా, అరిసె తింటావా?" అని కేక వేసింది.

వాడు లేచి పరుగెత్తాడు. వాడు గడప దాటాడో లేదో, నేను రెండోసారి గుంజాను. ఒక ఇటుక పటేలుమని పగిలింది. బండి ముందుకు దొర్లింది, స్టాండు వెనక్కి ముడుచుకుపోయింది, బుల్లెట్టు ఎడమ పక్కకు వాలింది. పట్టుకుందామని చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టు విరిగి ఆరు వారాలు పిండికట్టులో ఉండటం ఆ నిర్వాకానికి దక్కిన బహుమానం.

నా చేతి సంగతి పెద్ద విశేషం కాదు. హ్యాండిలు నేలను కొట్టిన చోట సిమెంటు లేచిపోయింది. అది మనవడు కూర్చున్న చోటు. ఆ రాత్రి ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. వాడు నిద్రపోయిన తర్వాత అమ్మాయి వెళ్ళి, సిమెంటు లేచిన చోట చాలాసేపు నిలబడి వచ్చింది. నేను చూడనట్టు పడుకున్నాను.

పండుగ వెళ్ళిన తర్వాత మా వీధి మెకానికు బండిని చూడటానికి వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఇటుక ముక్కలు చూశాడు, పోర్టికో చూశాడు, నా పిండికట్టు చూశాడు. "బండి దానంతటది పడదండీ మాస్టారూ. ముందు మనం పడటానికి దారి చూపిస్తాం, తర్వాత అది పడుతుంది," అన్నాడు. ఆ తర్వాత నేను చూపించిన దారులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. శిష్యుడి దగ్గర పాఠం చెప్పించుకోవటం కొంచెం కష్టమే గాని, అంత మంచి పాఠం నేను కూడా ఎన్నడూ చెప్పి ఉండను.

మొదటిది, నేల. కడిగిన నీళ్ళు వీధిలోకి పోవాలని పోర్టికోలకు వాలు పెట్టి కడతారు. కంటికి సమంగానే కనిపిస్తుంది. బండి మూతి వీధి వైపు, అంటే పల్లానికి, ఉన్నది. నేల సమంగా ఉన్నదో లేదో తెలియాలంటే మనవడి గోలీ ఒకటి కింద పెడితే చాలు, అదే చెబుతుంది. నున్నటి పలకరాళ్ళ మీద స్టాండు కాళ్ళు జారుతాయి. ఎండాకాలం తారు మెత్తబడి కాలు దిగబడుతుంది. వానకు తడిసిన మట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు.

రెండోది, ఇటుక. గోడలో ఇటుక అంత బరువు మోస్తుంది కదా అని మనకు దాని మీద నమ్మకం. గోడలో దాని చుట్టూ సున్నమో సిమెంటో ఉండి బరువును నలుదిక్కులా పంచుతుంది. స్టాండు కాలు సన్నటి ఇనుపముక్క. దాని బరువంతా ఒక్క చోట పడితే ఇటుక పెళుసుగా పగులుతుంది, అదీ చెప్పకుండా పగులుతుంది. కర్ర అట్లా కాదు, కొంత నొక్కుకుంటుంది, ముందుగా కిర్రుమంటుంది.

మూడోది, నట్టు. బిగుసుకుపోయిన నట్టును వదులు చెయ్యటానికి పట్టే బలమంతా బండి రెండు చక్రాలూ నేలమీద ఉన్నప్పుడే పెట్టాలి. గాలిలో లేపిన తర్వాత చేతివేళ్ళతో తిరిగేంత పని మాత్రమే మిగలాలి. నేను దాన్ని తిరగేసి చేశాను.

నాలుగోది, గుంజిన దిక్కు. సెంటర్ స్టాండు వేసినప్పుడు దాని కాళ్ళు కీలుకంటే కాస్త ముందుకు నిలబడతాయి. బండి బరువే దాన్ని ఆ స్థితిలో నొక్కి ఉంచుతుంది. బండిని ముందుకు తోశామంటే, స్టాండు దించుకోవటానికి రోజూ మనం చేసే పనే అది. అంటే నేను పానాతో గుంజుతున్నాననుకుంటూ బండిని స్టాండు దించుతున్నానన్న మాట!

ఇదంతా విన్న మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇంతకీ అది నిలబడేది వేటి మీద?" అని అడిగింది.

"వెనక చక్రం తీసేస్తే స్టాండు కాళ్ళు రెండూ, ముందు చక్రమూను," అన్నాను.

"అయితే మూడు రాళ్ళ పొయ్యి అన్న మాట. మూడు రాళ్ళ మీద కుండ కుదురుగానే ఉంటుంది. మీ పొయ్యిలో మూడో రాయి గుండ్రంగా ఉన్నదే! అది దొర్లదూ?"

నేనూ, మెకానికూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముప్ఫై ఏళ్ళు నేను బోర్డు మీద గీసిన బొమ్మలన్నిటి సారమూ ఆ ఒక్క మాటలో ఉన్నది. చక్రం ఊడదీసేవాళ్ళందరూ ఊడే చక్రాన్ని చూస్తారు, ఉండిపోయే చక్రాన్ని ఎవరూ చూడరు. బండిని పడేసేది ఆ ఉండిపోయే చక్రమే.

"బండి గేరులోనే వేసి ఉంచానే!" అన్నాను, ఓటమి ఒప్పుకోలేక. గేరు బిగించేది వెనక చక్రాన్ని. ఆ వెనక చక్రం గాలిలో ఉన్నప్పుడు గేరు ఎవరిని పట్టుకుంటుంది? పట్టుకోవలసింది ముందు బ్రేకు. దాన్ని చేత్తో పట్టుకుని కూర్చునే మనిషి లేడు గనక, తాడుతో కట్టాలి.

మన ఊళ్ళలో రథోత్సవం చూసే ఉంటారు. మోకు పట్టి లాగేవాళ్ళు వందలమంది. చక్రం పక్కన చెక్క దిమ్మ పట్టుకుని నడిచేవాళ్ళు నలుగురో అయిదుగురో. రథం ఎక్కడ ఆగాలో తేల్చేది ఆ దిమ్మలే. మోటారు సైకిలు ఎత్తటం కూడా బలం పని కాదు, దిమ్మ పని. నా పాత బుల్లెట్టు 165 కిలోల దాకా ఉంటుంది. 2023లో వచ్చిన కొత్త బుల్లెట్టు 195 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది కాస్త తక్కువగా. అంత బరువుతో కుస్తీ పట్టి గెలిచేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరున్నారు?

మరుసటి సంవత్సరం భోగికి మళ్ళీ అందరూ వచ్చారు. ఈసారి టైరు పాడవలేదు. "నాన్నగారూ, ఆ చక్రం ఊడదీయటం నాకు నేర్పండి," అన్నది అమ్మాయి. హైదరాబాదులో తనూ బండి నడుపుతుంది. నా చెయ్యి వణికింది గాని, ఆ సిమెంటు లేచిన చోట నిలబడినది తనే గనక కాదనలేకపోయాను. మెకానికును కూడా పిలిపించి, అతని ఎదటనే చేయించాను. ఎట్లా చేసిందో వరసగా రాస్తాను, కావలసినవారు ఈ కాగితం కత్తిరించి ఉంచుకోవచ్చు.

బండి పూర్తిగా చల్లారిందాకా ఆగాం, వేడి సైలెన్సరు చర్మాన్ని ఊరికే వదలదు. పెట్రోలు కుళాయి కట్టేశాం. గోలీ దొర్లని చోటు పెరట్లో గచ్చు మీద దొరికింది. బండిని నేలమీదనే ఉంచి అల్లుడు వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే, అమ్మాయి యాక్సిల్ నట్టు పిన్ను తీసి, నట్టును ఒక చుట్టు మాత్రం వదులు చేసింది.

తర్వాత అంగుళం మందం పలక ఒకటి, స్టాండు కాళ్ళు రెండూ ఒకే పలక మీద దిగేంత వెడల్పుది, బండి కింద పరిచాం. బండిని స్టాండు వేసేటప్పుడు ఎడమ చేత్తో హ్యాండిలు, కుడి చేత్తో సీటు పక్కనున్న పిడి పట్టుకున్నది. ముందు స్టాండును కాలితో దించి, రెండు కాళ్ళూ పలకను సమంగా తాకాయని తెలిసిన తర్వాతనే తన బరువంతా ఆ మెట్టు మీద వేసింది. చేతులు దారి చూపించాయి, ఎత్తింది ఒంటి బరువు. నడుముతో ఎత్తేవాళ్ళే తర్వాత మందునూనెలు రాసుకుంటారు.

ముందు చక్రం తిన్నగా పెట్టి, ముందు బ్రేకును నొక్కి తాడుతో గట్టిగా చుట్టింది. చక్రానికి ముందొకటి, వెనకొకటి ఏటవాలు చెక్కలు దూర్చింది. ఇది మా ఆవిడ చెప్పిన మూడో రాయిని దొర్లకుండా చెయ్యటం. మరొక తాడు స్టాండు నుంచి, ఇంజను ముందున్న ఫ్రేము గొట్టానికి బిగించి కట్టింది. ఇక బండి ముందుకు పోదామన్నా స్టాండు వెనక్కి ముడుచుకోలేదు. ఆ రెండు తాళ్ళకూ అయిన ఖర్చు రెండు కప్పుల కాఫీకి సరిపోదు. ఏడాది క్రితం నేను అవి కట్టి ఉంటే!

అప్పుడు బండిని మెల్లగా కదిలించి చూశాం. కదలాలనుకుంటే మనం ఎదురుగా ఉన్నప్పుడే కదలనివ్వాలి, వేళ్ళు లోపల పెట్టిన తర్వాత కాదు. ఆ పైన యాక్సిలు లాగి, చైను తప్పించి, చక్రాన్ని కుదుపులు లేకుండా జారవిడిచింది. చక్రం రాకపోతే బండిని పక్కకు వంచి లాగటం దుకాణాల్లో చూస్తూ ఉంటాం. అది ఇద్దరు ముగ్గురు అలవాటైన మనుషులున్న చోట జరిగే పని, ఇంట్లో వద్దు. అందుకోసమే ఆ అంగుళం పలక. చక్రం తీసిన తర్వాత సీటు మీద చెయ్యి ఆనించి కబుర్లు చెప్పటం కూడా కూడదు.

చక్రం తిరిగి ఎక్కించిన తర్వాత నట్టును చేత్తో బిగించి, బండిని దించి, నేలమీద గట్టిగా బిగించింది. పాత పిన్ను పారేసి కొత్తది వేసింది. బ్రేకు కడ్డీ నట్టు చూసుకుని, బ్రేకు రెండు మూడుసార్లు తొక్కి, అది పడుతున్నదని తెలిసిన తర్వాతనే బండి కదిపింది.

ముందు చక్రానికి మాత్రం లెక్క మారిపోతుంది. అది తీస్తే మూడో రాయే పోతుంది కదా. అప్పుడు బండి వెనక చక్రం మీదికి వాలాలి, ముందు భాగానికి ఇంజను కింద ఆధారం ఉండాలి. చాలామంది కారు జాకీ పెట్టి ఊరుకుంటారు. జాకీ ఎత్తటానికి, మొయ్యటానికి కాదు. జాకీకీ బండికీ నడుమ పలక వేసి, సైలెన్సరుకూ ఆయిలు బోల్టుకూ తగలకుండా గట్టి చోటు చూసి ఎత్తి, వెంటనే కర్ర దిమ్మలు పేర్చి, బరువును వాటి మీదికి దించాలి. గేరు ఇక్కడ ఉపయోగపడుతుంది, వెనక చక్రం నేలమీద ఉన్నది గనక. ఈ పని మొదటిసారి ఒంటరిగా చెయ్యవద్దు.

ఈ కాలపు బళ్ళు చాలావాటికి సైడు స్టాండు తప్ప సెంటర్ స్టాండు ఉండదు. సైడు స్టాండు మీద బండిని వాల్చి, ఒకరు పట్టుకుంటే ఒకరు చక్రం తీసే విద్య దయచేసి వద్దు. వెనక చక్రం ఇరుసు దగ్గర పట్టి ఎత్తే విడి స్టాండ్లు అమ్ముతారు, అవి కూడా మొదట్లో ఇద్దరుండి వేయవలసినవే. ట్యూబు లేని టైరైతే, చిన్న మేకు గుచ్చుకున్నదానికి చక్రం ఊడదీయవలసిన పనే లేదు, బయటి నుంచే అతుకు వేయవచ్చు. అన్నిటికంటే క్షేమంగా చక్రం ఊడదీసే పద్ధతి ఊడదీయకపోవటమే.

ఇంకొక్క మాట. ఇన్ని చేసినా బండి పడబోతే, పడనివ్వండి. అద్దం పగిలితే మరొకటి వస్తుంది, హ్యాండిలు వంగితే సాపు చేస్తారు. పడే బండిని పట్టుకోవాలని చెయ్యి ముందుకు పోవటం మన స్వభావం. ఆ స్వభావాన్ని ముందుగానే మాటలతో కట్టేసుకోవాలి. మా అమ్మాయి పని మొదలుపెట్టే ముందు మెకానికు అందరి చేతా, "పడితే వదిలేస్తాం," అని పైకి అనిపించాడు. అది ప్రమాణం చేయించినట్టే ఉన్నది, అయినా నేను కూడా అన్నాను.

ఇక మనవడు. వాడికి అయిదేళ్ళు వచ్చాయి, నట్టు తన చేతికే ఇవ్వాలన్న పట్టు మాత్రం పోలేదు. మా ఆవిడ ముగ్గుపిండి డబ్బా తెచ్చి, బండి చుట్టూ ఆరడుగుల దూరంలో పెద్ద గీత గీసింది. "ఈ ముగ్గు తొక్కినవాళ్ళకు అరిసెలు లేవు," అన్నది. వాడు గీత అవతల పీట వేసుకుని, ఒక చేత్తో అరిసె తింటూ, రెండో చెయ్యి దోసిలి పట్టి కూర్చున్నాడు. నట్టు ఊడగానే అమ్మాయి గీత దాకా వచ్చి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని పని అయ్యేదాకా పిడికిలి విప్పకుండా కాపాడాడు.

ఉత్తరం రాసిన సోదరికి నా జవాబు ఇది. మీ వారిని ఒప్పుకోండి, మంచి పనే. కాని ముందు ఆ రెండు ఇటుకలూ పెరట్లో పారేయించండి. ఒక పలక, రెండు తాళ్ళు, రెండు ఏటవాలు చెక్కలు చేతికివ్వండి. ముగ్గు మాత్రం ఆయన చేత కాక మీరే గీయండి, గీత దాటితే ఆయనకైనా అరిసెలు లేవని చెప్పండి.